మూఢం వెళ్లేదాకా

మా అక్క పోయింది. ఆ రోజు పొద్దున్న నేను పాలు పొయ్యి మీద పెట్టేసరికి మా బావగారు వీధి గుమ్మంలో నిలబడి, చెప్పులు కూడా విడవకుండా, "అమ్మాయ్, మీ అక్క వెళ్లిపోయిందమ్మా" అన్నారు. పాలు పొంగి పోయినా నాకు తెలియలేదు.

మధ్యాహ్నానికల్లా నర్సీపట్నంలో మా అక్కకి మూడు జబ్బులు పుట్టించారు. బస్టాండు దగ్గర గుండెపోటు అన్నారు. మా వీధిలో వెన్నునొప్పి ముదిరిందన్నారు. గుడి వెనక వాళ్లెవరో పచ్చకామెర్లు అన్నారు. బావగారిని అడిగితే, "చాన్నాళ్లుగా ఒంట్లో బాగుండటం లేదండీ" అని ఊరుకున్నారు. చదువుతున్న అమ్మలూ, ఆవిడకి వచ్చింది రొమ్ము కేన్సరు. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా ఆ రెండు మాటలు తప్పుల్లేకుండా రాయగలను. పెద్ద చదువులు చదివిన వాళ్లకి నోరెందుకు రాదో నాకు అర్థం కాదు.

అక్కంటే నాతో పుట్టిన అక్క కాదు, మా తోడికోడలు. మా ఆయన అన్నగారి భార్య. బావగారు హైస్కూల్లో మాస్టారు, మా ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తా. అత్తగారితో కలిసి చాలా ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. అక్క పుట్టిల్లు నాతవరం దగ్గర పల్లె. ఆ యాస చివరిదాకా వదల్లేదు, వదలాలని అనుకోనూ లేదు.

నేను పుట్టుపిరికిదాన్ని. మా ఆయన ఆఫీసు నుంచి రావడం కాస్త ఆలస్యమైతే నాకు అన్ని రకాల చావులూ కళ్లకి కట్టేవి. బస్సు కింద పడ్డారేమో, పాము కరిచిందేమో, ఎవరైనా కొట్టారేమో అని గుమ్మానికీ వంటింటికీ తిరుగుతుంటే అక్క అనేది: "ఉండవే సెల్లీ. ముందు ఏ సావో ఒకటి తేల్చుకో. అప్పుడు కూకుని ఏడుద్దువు."

ఆవిడకి భయం లేదని కాదు. ఆవిడ భయమంతా కోపంగా బయటికి వచ్చేది. కోపం వస్తే ఎవరినీ ఏమీ అనదు, రోటి దగ్గరికి వెళ్లి మినప్పప్పు పోసుకుంటుంది. పొత్రం తిరుగుతుంటే పక్కింటివాళ్లకి కూడా తెలిసిపోయేది. ఆ రోజు గారెలు వెన్నలాగా వచ్చేవి. మా ఆయన ఒక గారె తుంచి నోట్లో వేసుకుని, "ఇవాళ వదినకి ఎవరి మీదేటి కోపం?" అని అడిగేవారు. "తిను మరిదీ, తిను. నీ మీదైతే ఇంకా మెత్తగుండును" అనేది.

"దేవుడు భయమంతా నీకిచ్చి, కోపమంతా నాకిచ్చినాడే. రెండూ ఒక మనిషికే ఇచ్చుంటే ఆ మనిషి బతకనేదు" అని ఆవిడ తరచూ అనే మాట. ఇప్పుడు ఆవిడ లేదు. ఈ నెల్లాళ్లుగా ఆ రెండోది కూడా నా దగ్గరికే వచ్చి కూర్చుంది. అందుకే రాస్తున్నాను.

ఇది డెబ్భైల్లో సంగతి. ఒకరోజు నూతి దగ్గర దుప్పట్లు పిండుతున్నాం. అక్క ఒక కొసా నేనొక కొసా పట్టుకున్నాం. ఉన్నట్టుండి తన కొస వదిలేసి, తడి చేత్తో నా చెయ్యి పట్టుకుని, పమిట కిందికి తీసుకెళ్లి కుడివైపు ఆనించింది.

"సూడు. ఏటిది?"

చింతగింజంత గట్టిగా తగిలింది. వేలితో తోస్తే కదల్లేదు.

"నొప్పుందా అక్కా?"

"నేదు. నొప్పుంటే ఈపాటికి ఇల్లెగిరిపోను కాదేటి."

అత్తగారికి చెప్పాం. ఆవిడ చూడకుండానే, "పాలగడ్డే. నాకూ ఉండేది. ఆవదం రాసి, ఆముదపాకు వెచ్చచేసి కట్టుకో" అంది. "ఆఖరోడికి మీసాలొచ్చినాక పాలగడ్డేటి అత్తా?" అంది అక్క. అన్నది గానీ ఆకు కట్టుకుంది. పెద్దవాళ్లు చెప్పారు కదా. కొన్ని వారాలు ఆకులు వాడిపోయాయి గానీ గడ్డ వాడలేదు. నేను రోజూ పొద్దున్నే అడగడం, ఆవిడ రోజూ కసరడం. చివరికి నా పోరు పడలేక మా ఊరి డాక్టరమ్మ దగ్గరికి వచ్చింది. ఆవిడ చెయ్యి పెట్టి చూసి, నవ్వుతున్న మనిషి నవ్వు ఆపేసి, "విశాఖపట్నం తీసుకెళ్లండి. ఆలస్యం చెయ్యకండి" అంది.

బావగారు సెలవు పెట్టారు. అక్కకి తోడు నేనూ వెళ్లాను. పెద్దాసుపత్రిలో గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకి పంపారు. ఆ ఫలితం వచ్చిన రోజు మేమిద్దరం బయట బల్ల మీద కూర్చున్నాం. లోపలికి బావగారిని ఒక్కరినే పిలిచారు. ఆయన బయటికి వచ్చి, కళ్లజోడు తీసి పంచె కొసతో తుడుచుకుంటూ, "చిన్న గడ్డే. తీసేస్తారట" అన్నారు. అంతే. బస్సులో ఆయన ముందు సీట్లో కూర్చున్నారు. బస్సు అనకాపల్లిలో ఆగినప్పుడు అక్క నా చెవి దగ్గరికి వంగి, "నా రొమ్ము సంగతి నాకు తప్ప అందరికీ సెప్తారేటే?" అంది.

అసలు సంగతి ఆ రాత్రి బావగారు మా ఆయనకి చెప్పారు. మా ఆయన నాకు చెప్పారు. నా కడుపులో ఏ మాటా నిలవదు, తెల్లారి రోటి దగ్గర అక్కకి చెప్పేశాను. కేన్సరట, మొత్తం తీసెయ్యాలట, వచ్చే వారమే వస్తే మంచం ఇస్తామన్నారట అని. ఆవిడ పొత్రం ఆపింది.

"మొత్తమా?"

"మొత్తమట అక్కా."

పక్కకి జారిన పప్పు వేలితో రోట్లోకి తోసింది. "సరే. తియ్యనీ. ఎందుకది, దానితో నాకింకేటి పని. వారమే గదా" అని మళ్లీ తిప్పింది.

వారమే కదా అనుకున్నాం.

కత్తి పడే పని కదా, మంచిరోజు చూడాలి అంది అత్తగారు. నాకూ నిజమే అనిపించింది, అక్కకీ అనిపించింది. మా ఇంట్లో కొత్త చీర మడత విప్పడానికి కూడా రోజు చూస్తాం. బావగారు సిద్ధాంతిగారి ఇంటికి వెళ్లొచ్చారు. వచ్చి పడక కుర్చీలో కూర్చుని, "మూఢం వచ్చేసిందట. మూఢం వెళ్లేదాకా ఏదీ పెట్టుకోవద్దన్నారు" అని చెప్పారు. గురుడు సూర్యుడి చాటుకి వెళ్లిపోయాడట. మళ్లీ బయటికి రావడానికి నెల పైన పడుతుందట. ఆకాశంలో ఎవరో ఎవరి చాటుకో వెళితే మా అక్క ఒంట్లో గడ్డ కూడా ఆగుతుందని మేమందరం నమ్మాం.

ఆ నెల ఎలా గడిచిందో చెప్పాలి. అత్తగారు వచ్చినవాళ్లందరికీ "పెద్దకోడలికి నడుం పట్టేసింది" అని చెప్పేది. ఆ మాటతో వీధివీధంతా నడుంనొప్పికి మందులు పట్టుకొచ్చారు. ఒకరు తైలం, ఒకరు వాయిలాకు, గొలుగొండ నుంచి వచ్చిన చుట్టం ఒకావిడ కొత్త బెల్లం, మిరియాలు. అక్క అన్నీ తీసుకుని, వాళ్లు గుమ్మం దాటగానే అత్తగారి ముందు వరసగా పెట్టేది. "ఇదిగో అత్తా, నేని నడుంనొప్పికి ఇన్ని మందులొచ్చినాయి. ఉన్న రొమ్ముకి ఒకటీ రానేదు."

తను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఇంటికి సరిపోవాలని కారాలు కొట్టించింది, కందిపొడి చేసింది, చింతపండు పిక్క తీసి జాడీల్లో కూరింది. చింతపల్లి వైపు నుంచి చింతపండు తెచ్చే కొండావిడ మా గుమ్మంలో గంప దించగానే అక్క లోటాతో మజ్జిగ ఇచ్చేది, ఆ తరవాత బేరం మొదలుపెట్టేది. ఆసారి బేరమాడలేదు. ఆ మనిషే కంగారుపడి, "ఏటమ్మా, ఒంట్లో బాగునేదా?" అని అడిగింది. "గడ్డ లేచిందే అప్పా, ఇక్కడ" అని అక్క చెయ్యి పెట్టి చూపించింది. "మరి కోయించీ" అంది ఆవిడ, ముల్లు గుచ్చుకుంటే తీయించెయ్ అన్నట్టు. అక్క నాకేసి తిరిగి, "విన్నావా? ఈవిడకి మూఢం తెల్దు, అదృష్టమంతురాలు" అంది.

నేను రోజూ స్నానాల గదిలో చూసేదాన్ని. చింతగింజ ఉసిరికాయంత అయింది. దాని మీద చర్మం బత్తాయి తొక్కలాగ గుంటలు పడింది. "పెరుగుతోందక్కా" అంటే "నాకు కళ్లు నేవేటి" అని కసిరేది. ఒకరోజు మాత్రం కసరలేదు. తల మీద నుంచి నీళ్లు కారుతుండగా, "సెల్లీ, గురుడు బయటికొచ్చేసరికి నేనుంటానా?" అని అడిగింది. నేనేం చెప్పాను? ఏడ్చాను. ఆవిడే నా కళ్లు తుడిచింది.

ఆ రోజుల్లోనే మా మామగారి తద్దినం వచ్చింది. తంతు జరిపించడానికి సిద్ధాంతిగారే వచ్చారు. పని ముగించి, వసారాలో కూర్చుని స్వయంపాకం మూట కట్టుకుంటున్నారు. అక్క పళ్లెంలో అరటికాయలూ కందా తెచ్చి ఆయన ముందు పెట్టడానికి వంగింది. ఆయన సంతోషంగా తలెత్తారు.

"మాస్టారూ, మీరు అడిగిన రోజు చూసి ఉంచానండీ. మూఢం వెళ్లిన వెంటనే దివ్యమైన లగ్నం. ఇంతకీ ఆ మంచిపని ఏమిటో చెప్పారు కారు. అమ్మాయి పెళ్లా, గృహప్రవేశమా?"

బావగారు ఉత్తరీయం సర్దుకున్నారు. అత్తగారు లోపలికి వెళ్లిపోయింది. అక్క వంగినది వంగినట్టే ఉండి, మెల్లగా నిటారుగా నిలబడింది.

"ఏ పెళ్లండీ?" అంది.

"అదేనమ్మా, నెల కిందట మాస్టారు వచ్చి, మంచిపని ఒకటి తలపెట్టాం, రోజు చూడండి అంటే..."

"రొమ్ము కోయించుకోడానికండీ" అంది అక్క. "నా రొమ్ములో కేన్సరు గడ్డ లేచింది. విశాఖపట్నంలో కోసేస్తామన్నారు. దానికండీ రోజు."

సిద్ధాంతిగారి చేతిలోని మూట విడిపోయి బియ్యం నేల మీద పడ్డాయి.

"అయ్యో తల్లీ! రోగానికి మూఢమేమిటమ్మా! పెళ్లికి మూఢం, ఉపనయనానికి మూఢం. కొంపంటుకుంటే నీళ్లు పోయడానికి ఎవరైనా లగ్నం పెట్టుకుంటారా? నాతో ఒక్క మాట అంటే ఆ పూటే బస్సెక్కించేవాణ్ని కదా! మాస్టారూ, ఏమిటండీ ఇది?"

బావగారు నేలకేసి చూస్తూ, "ఆడవాళ్ల ఒంటి సంగతి... నలుగురిలో ఎలా చెప్పమంటారు" అన్నారు.

"నలుగురికి కాదండీ. ఒక్క మనిషికి" అంది అక్క. గొంతు పెంచలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ ఆయనతో అలా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. "నా రొమ్ము పేరు నోటంట అనలేక, నన్ను మంచిపని సేసేసినారా? పెళ్లి సేసేసినారా? నెల్లాళ్ల నుంచి ఇది నన్ను తింటంటే నేను కారాలు కొట్టుకుంటూ కూకున్నాను. మీరు పిల్లలకి పాఠాలు సెప్తారు గదండీ. ఈ ఒక్క మాట ఎవులు నేర్పాల మీకు?"

అక్క రోటి దగ్గరికి వెళుతుందేమో అనుకున్నాను. వెళ్లలేదు. గదిలోకి పోయి ట్రంకుపెట్టె దించుకుంది.

మర్నాడు మొదటి బస్సుకే బయలుదేరాం. తద్దినం మర్నాడు ప్రయాణం ఏమిటి అని అత్తగారు అనబోతే, మా ఆయన మొదటిసారి తల్లిని "నువ్వూరుకో అమ్మా" అన్నారు. నేను దారిపొడుగునా ప్రతి వంతెన దగ్గరా దండం పెట్టాను. ఆసుపత్రిలో సర్జనుగారు అక్కని చూసి, బావగారికేసి తిరిగి, "ఇన్నాళ్లూ ఏం చేశారండీ?" అన్నారు. మాకని ఉంచిన మంచం ఎప్పుడో వేరేవాళ్లకి వెళ్లిపోయింది. మళ్లీ ఆగాలి. వార్డులోనే ఒక మూల చాప వేసుకుని ఆగాం.

అక్కడ మా అక్క ఊరుకోలేదు. ఏ మంచం దగ్గరికి వెళితే ఆ మంచం దగ్గర కూర్చుని, "నీకెప్పుడు తెలిసింది? ఎన్నాళ్లు దాసినావు? ఇంట్లో ఏటన్నారు?" అని అడిగేది. పాయకరావుపేట నుంచి వచ్చిన ఒకావిడ, "మా ఆయన ఊళ్లో కాశీ వెళ్లిందని సెప్పినారండీ" అంది. అక్కకి నవ్వు ఆగలేదు. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. నర్సు వచ్చి కోప్పడింది. "నవ్వనీ అమ్మా," అంది అక్క, "ఈవిడ కాశీలో ఉంది, నేను పెళ్లిలో ఉన్నాను."

మంచం దొరికింది. ఆపరేషను రోజు పొద్దున్న నగలన్నీ తియ్యాలన్నారు. పుస్తెలూ మట్టెలూ తీసి అక్క నాకివ్వలేదు, బావగారి దోసిట్లో పోసింది. "ఎవులైనా మీరెందుకొచ్చినారు అనడిగితే పేరు సెప్పండి" అంది. ఆవిడని లోపలికి తీసుకెళ్లాక, పక్కనున్న ముసలాయన ఎవరో నిజంగానే అడిగాడు, ఎవరికి బాబూ, ఏమిటని. బావగారు దోసిలి మూసుకుని, "నా భార్యకండీ. రొమ్ము కేన్సరు" అన్నారు. అని, ఆ నగల మీద ముఖం పెట్టుకుని ఏడ్చారు. నాకు జాలి వేసింది. కోపం మాత్రం పోలేదు. ఈనాటికీ పోలేదు. బావగారు ఇది చదువుతారు. చదవనీ.

అక్క బతికింది. మనవల్ని ఎత్తుకుంది. ఎడమ చేత్తోనే ఎత్తుకుంది, కుడి చెయ్యి వాచిపోయి బరువు పట్టనిచ్చేది కాదు. రుబ్బడం నా వంతు అయింది. "నీ గారెలు పళ్లకి పరీక్షే సెల్లీ. నీకు కోపం తక్కువ, అదీ లోటు" అనేది. వీధిలో ఏ ఆడమనిషి ఒంట్లో బాగాలేదన్నా పిలిచి తలుపేసి, "సిగ్గుపడకు. ఎక్కడో సెప్పు" అని అడిగేది. ఇద్దరు ముగ్గుర్ని దగ్గరుండి డాక్టరమ్మ దగ్గరికి తోలింది. వాళ్ల ఇళ్లలో మగవాళ్లు మా అక్కని నోరుగలది అన్నారు. అవును, నోరుగలదే.

కొన్నేళ్లకి జబ్బు వెన్నులోకి వచ్చింది. మళ్లీ విశాఖపట్నం వెళ్లినప్పుడు నేను డాక్టరుగారిని పక్కకి పిలిచి అడిగాను. "బాబూ, అప్పట్లో ఒక నెల పైన ఆలస్యమైంది. అది కాకపోతే ఇది రాకుండునా?" ఆయన మంచివాడు. "చెప్పలేమమ్మా. వచ్చేదేమో, రాకపోయేదేమో" అన్నారు. అదే నన్ను తినేస్తోంది. వచ్చేదే అంటే ఏడ్చి ఊరుకుందును. ఆ నెల్లాళ్లే చంపాయి అంటే ఎవరినో తిట్టుకుందును. రెండూ కాదు. నా కోపానికి కూర్చోవడానికి చోటు కూడా లేకుండా చేశారు.

మంచాన ఉన్నప్పుడు అక్కకి కూడా ఇదే చెప్పుకుని ఏడ్చాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఆ నెల లెక్క దేవుడు సూసుకుంటాడే. నువ్వు మాత్రం నా జబ్బుకి ఇంకో పేరెట్టనివ్వకు" అంది. ఆవిడ నన్ను కోరిన కోరిక అదొక్కటే.

పోయిన రోజు పుణ్యస్త్రీ కదా అని పెరట్లో చీరలు అడ్డం కట్టి, ఆడవాళ్లందరం కలిసి స్నానం చేయించాం. అక్క పుట్టింటి తరఫు ముసలావిడ పసుపు ముద్ద పట్టుకుంది. ముఖానికి రాసింది, పాదాలకి రాసింది. రవిక తియ్యగానే ఆవిడ చెయ్యి ఆగిపోయింది. కుడివైపు చంక దగ్గర నుంచి గుండె మధ్యదాకా ఒకటే గీత. దాని కింద పక్కటెముకలు. ఇన్నేళ్లలో అది చూసినది నేనొక్కదాన్నే. చుట్టూ ఉన్నవాళ్లలో ఒకరు ముఖం తిప్పుకున్నారు. ఇంకొకరు, "కప్పెయ్యండి, బేగి కప్పెయ్యండి" అన్నారు.

"ఆగండి" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "ఎందుకు కప్పడం? రొమ్ము కేన్సరుకి కోసిన కోత అది. అందరూ చూడండి. పెద్దమ్మా, అక్కడ కూడా రాయండి."

ఆవిడ రాయలేకపోయింది. పసుపు ముద్ద నేనే తీసుకున్నాను. ఆ చోట చర్మం చల్లగా, నున్నగా ఉంది. కుట్లు పడిన గుంటలు వేలికి ఒక్కొక్కటే తగిలాయి. చంక దగ్గర మొదలుపెట్టి గీత చివరిదాకా రాశాను. ఎవరో వెనక నుంచి చెంబుతో నీళ్లు పోశారు. ఒంటి మీది పసుపంతా కరిగి కాళ్ల వైపు పారిపోయింది. ఆ గాటులో నిలిచినది మాత్రం పోలేదు. ఇంకో చెంబు పోశారు. అయినా పోలేదు. ఎండలో అక్క గుండెల మీద, ఈ చివర నుంచి ఆ చివరకి, పచ్చగా మెరుస్తూ ఉండిపోయింది.